మా రోటికి వేసిన నంబరు

రైలు రాకముందు కట్టిన పాత బంగళా వెనక, పనివాళ్ల గదిలో మేం పదేళ్లు ఉన్నాం. మా ఆయన ఆ బెంగాలీ ఊరి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆ బంగళాను పూర్వంలా బాగుచేస్తారని, ముందు చుట్టూ తవ్వి చూస్తారని చెప్పి ఎనిమిది రోజుల్లో ఖాళీ చేయమన్నారు. మాకు ఊరి అవతల నిమ్‌పురాలో రైల్వే క్వార్టరు ఇచ్చారు.

నా బాధ రుబ్బురోలు గురించి. మా అమ్మ పలాసలో కొని, గార్డును బతిమాలి రైలెక్కించిన రోలు. రుబ్బేటప్పుడు కదలకూడదని మేం రోలును అంచు దాకా వంటగది నేలలో పాతుకుంటాం. దాన్ని పెకలించి, తోపుడుబండిని రెండోసారి పిలవడం దండగనుకున్నాను. పొత్రం ఒక్కటి తీసుకుని, రోటికి దండం పెట్టి, ఎవరూ ఎత్తుకుపోకుండా పైన మట్టి కప్పి చదును చేశాను. నా బుద్ధితక్కువ పని అదే.

నెల తర్వాత రోలు చూసుకుందామని మా ఆయనతో వెళ్తే మా వంటగది లేదు. తాళ్లు కట్టిన గొయ్యి ఉంది. గట్టు మీద నా రోలు. పసుపు రాసే చోట తెల్లరంగుతో నంబరు. తవ్వకం చేయించే బెంగాలీ బాబు, అది రెండు వందల ఏళ్ల నాటిదని ఎవరో పెద్దమనుషులకు చెబుతున్నాడు.

నాకు ఒళ్లు మండింది. “దాదా, అది నాది. నేనే పాతినాను” అని బాబుతో అన్నాను. పెద్దమనుషులతోపాటు బాబూ నవ్వాడు. మా ఆయన నా చెంగు లాగాడు.

“ఊరుకోయే. సర్కారోళ్లతో మనకేటి? ఉజ్జోగం పోతాది.”

“మా యమ్మ దీన్ని రైలెక్కించినప్పుడు సర్కారేటి సెయ్యేసిందా?”

మర్నాడు పొత్రం చంకనెత్తుకుని, నానిన మినప్పప్పుతో ఒక్కదాన్నే వెళ్లాను. ఆ రోటి గుంట ఒకవైపు ఎక్కువ అరిగింది, పొత్రమూ అదే వాలున అరిగింది. బాబు ముందే కూర్చుని పిండి నురగొచ్చేదాకా రుబ్బాను. అతను ఈసారి నవ్వలేదు. పొరపాటేనని మెల్లగా ఒప్పుకున్నాడు. కానీ రిజిస్టరులో ఎక్కించేశాడట, పైవాళ్లకు కాగితం వెళ్లిపోయిందట, కొట్టివేయడం తన చేతిలో లేదట. బాగుచేశాక వరండాలో పెడతారట, అందరూ చూస్తారట.

“సూడ్డానికి కాదు దాదా, రుబ్బడానికి.”

అప్పుడు అడిగాడు, ఏమాత్రం సిగ్గు లేకుండా, పొత్రం కూడా ఇస్తే జత పూర్తవుతుందని. నేను పిండి గిన్నెలోకి తోడుకుని, పొత్రం చంకన పెట్టుకుని, వెనక్కి చూడకుండా వచ్చేశాను.

తర్వాత రెండేళ్లు పక్కింటి రోటి దగ్గర వంతు కోసం కూర్చున్నాను. కూర్చున్న ప్రతిసారీ ఆ బాబును తిట్టుకున్నాను.