మా తోడల్లుడి ముక్కు

మొన్న శనివారం ములింగార్‌లో, మందు సీసాలమ్మే దుకాణం ముందు నుంచి వస్తుంటే, గుమ్మంలో చిన్న బల్ల వేసుకుని నిలబడ్డ ఓ పిల్ల నన్నాపింది. దగ్గర్లోనే ఎవరో కొత్తగా బీరు కాయడం మొదలుపెట్టారట, రుచి చూసి పొమ్మని బొటనవేలంత గ్లాసులో పోసిచ్చింది. తాగబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి, ముందు వాసన చూసి ఏమనిపిస్తోందో చెప్పమంది. చూశాను. ఇంగ్లీషు పద్ధతిలో కాసిన పేల్ ఏల్ అనే లేతరంగు బీరు. ఆ వాసన నాకు బాగా తెలిసిందే, జవాబు కూడా నోటిదాకా వచ్చింది. కానీ గ్లాసు అలాగే బల్ల మీద పెట్టేసి, పొయ్యి మీద పాలు మర్చిపోయినవాడిలా గబగబా వచ్చేశాను. ఆ పిల్ల నన్ను మతి చెడిన ముసలాడనుకుని ఉంటుంది, అనుకోనీ.

నా దృష్టిలో ఆ వాసన గురించి మాట్లాడే హక్కు ఐర్లండ్ మొత్తం మీద మా తోడల్లుడికొక్కడికే ఉంది. ఆయన మా ఆవిడ అక్కకి మొగుడు. అక్కచెల్లెళ్లిద్దరూ గుంటూరులో నర్సింగు చదివి, ఒకరి వెనక ఒకరు ఇక్కడి ఆసుపత్రుల్లో ఉద్యోగాలకొచ్చారు. మేమిద్దరం వాళ్ల కొంగులు పట్టుకుని సముద్రాలు దాటిన మొగుళ్లం. మా దేశంలో ఆయన పొగాకు కంపెనీలో గ్రేడరు. ఆకుని రెండు వేళ్లతో నలిపి ముక్కు దగ్గర పెట్టుకుని, అది ఏ నేలలో పండిందో, ఆకు కాల్చే బ్యారన్‌లో కాక ఎక్కడ ఎక్కువైందో చెప్పేవాడు. అంతటి ముక్కున్న మనిషి ఇక్కడ ముసలివాళ్లుండే నర్సింగ్ హోమ్‌లో కేరర్‌గా చేరి వాళ్లకి స్నానాలు చేయించాడు. పనిని ఎప్పుడూ చిన్నచూపు చూడలేదు గానీ, ముక్కుకి మాత్రం తగిన పని దొరకలేదని బెంగపడేవాడు. నేను గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాణ్ణి, నాకు ఏ అవయవంతోనూ అంత పని పడలేదు.

ఆ ముక్కుకి పని చూపించినవి హాప్స్. బీరులో చేదుకీ వాసనకీ వేసే ఎండుపూలవి, ఆకుపచ్చగా, పొరలు పొరలుగా, చిన్న మొగ్గల్లా ఉంటాయి. ఒకసారి ఎవరో ఇంట్లో బీరు కాసే సరంజామా వదిలించుకుంటుంటే తెచ్చుకుని, పెరటి షెడ్డులో పెట్టాడు. మొదటిసారి మేమిద్దరం ఘోరమైన పని చేశాం. పూలు కొరికితే వేపాకులా ఉన్నాయని భయపడి, మొలకెత్తించిన బార్లీ నుంచి తీసిన మాల్ట్ నీళ్లు మరగబెట్టినంతసేపూ ఒక్క పువ్వు కూడా వెయ్యకుండా, రసంలో కొత్తిమీర వేసినట్టు అన్నీ దించేముందు వేశాం. తోట వాసన కొట్టే బెల్లం పానకం తయారైంది. ఖర్చు పెట్టాం కదా అని పట్టుదలగా తాగాం. ఆ తర్వాత ఆయనే దారి కనిపెట్టాడు. చేదు పూలలోంచి దిగాలంటే బాగా మరగాలి. మరిగితే వాసన ఆవిరైపోతుంది. అందుకని రసానికి చింతపండు ముందూ కొత్తిమీర చివరా అయినట్టు, కొన్ని పూలు మొదట్లోనే చేదుకి, కొన్ని చివర్లో రుచికి, ఇంకొన్ని మంట ఆర్పేశాక కేవలం వాసనకి. ఎప్పుడు వెయ్యాలో ఆయన గడియారం చూసేవాడు కాదు. తపేలా మీదికి వంగి, కళ్లు మూసుకుని, ఆవిరి పీల్చి, 'ఇంకా పచ్చివాసన పోలేదు తమ్ముడూ, ఆగు' అనేవాడు.

ఏ పూలు వెయ్యాలన్నది మరో యుద్ధం. చేదుకి ఫగుల్స్, వాసనకి గోల్డింగ్స్, రెండూ ఇంగ్లండు రకాలే ఉండాలన్నది ఆయన శాసనం. నేనోసారి ముచ్చటపడి, మామిడిపండు వాసన వేసే అమెరికా హాప్స్ తెప్పించాను. ఆయన ప్యాకెట్ విప్పి, ఒక్కసారి వాసన చూసి, మామిడిపండు కావాలంటే పండే తినవయ్యా, ఇంగ్లీషువాడి బీరుకి ఈ సెంటెందుకని నా చేతికిచ్చేశాడు. నెలరోజులు నాతో ముభావంగా ఉన్నాడు. మా వదిన చర్చిలో పాటలు నడిపించే మనిషి, బీరన్న మాటే ఇంట్లో పలకదు. 'మీ కషాయం' అనేది. పాస్టరుగారొచ్చిన రోజున మాత్రం ఆ కషాయం సీసాలన్నీ వంటింటి ప్రెస్సులో, అంటే అలమరలో, బియ్యం బస్తా వెనక్కి చేరేవి. దాచింది ఎవరో ఎవరూ అడిగేవాళ్లు కాదు.

ఆ కరోనా వైరస్ రోజుల్లో నర్సింగ్ హోమ్‌లో మంచాలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. తన చేత్తో అన్నం తినిపించినవాళ్లని ఆయన వరసగా సాగనంపాడు. ఆఖరికి తనకీ వచ్చింది. జ్వరం తగ్గి లేచాడు, మేమంతా దేవుడికి దణ్ణం పెట్టుకున్నాం. ఓ ఉదయం పొయ్యి దగ్గర ఆయన నిలబడి ఉండగానే పాలు పొంగి మాడి, ఇల్లంతా కమురు కంపు కొట్టింది. వాళ్లమ్మాయి మేడ మీద నుంచి పరిగెత్తుకొచ్చి, 'డాడ్, నీకు స్మెల్ రావట్లేదా?' అంది. ఎప్పుడూ ఇంగ్లీషులో తప్ప జవాబివ్వని పిల్ల భయంతో తెలుగులో అడిగింది. ఆయనకి రాలేదు. వారాల్లో వచ్చేస్తుందన్నాడు జీపీ డాక్టరు. తర్వాత నెలలన్నాడు. ఆ తర్వాత అలవాటు పడాలన్నాడు. ఇంగువ కట్టిన గుడ్డకి ఇంగువ పోయినా వాసన మిగులుతుందంటారు, ఈయనకి అదీ మిగల్లేదు. రోజూ పొద్దున్నే లవంగాలూ నిమ్మతొక్కా గోల్డింగ్స్ ప్యాకెట్టూ ముందేసుకుని, కళ్లు మూసుకుని, పూజలో కూర్చున్నట్టు కూర్చునేవాడు. ఏమీ అందేది కాదు. వదిన గోంగూర మాంసం వండితే రెండు ముద్దలు తిని, తడి కాగితం నమిలినట్టుందని లేచిపోయేవాడు. ఆవిడ వంటింట్లోకెళ్లి ఏడ్చేది.

అప్పుడు నన్ను తన ముక్కుగా పెట్టుకున్నాడు. తపేలా పెట్టి, నన్ను దాని మీదికి వంచి, వాసన ఎలా ఉందో చెప్పమనేవాడు. బాగుందనేవాణ్ణి. ఎలా బాగుందనేవాడు. పువ్వు వాసనేననేవాణ్ణి. ఏ పువ్వు, ఎండుదా పచ్చిదా, తడి మట్టి తగుల్తోందా లేదా? పుట్టుగుడ్డివాడికి పాల రంగు చెప్పడం కూడా ఇంతకంటే సులువేమో. నాకు మాటలు లేవు. ముక్కు ఉంది గానీ దాన్ని ఏనాడూ వాడుకోలేదు. ఆయన విసుక్కోలేదు, అరవలేదు. గరిట అవతల పెట్టి, పొయ్యి ఆర్పే పని కూడా నాకే వదిలేశాడు. ఆ బీరు నిజానికి బాగా కుదిరింది. నేను మెచ్చుకుంటుంటే, ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టాడు. నా మెప్పు ఆయన్ని ఎంత కోసిందో నాకప్పుడు తట్టలేదు.

చాన్నాళ్లు షెడ్డు తలుపు తియ్యలేదు. మళ్లీ ఓ ఆదివారం చర్చి నుంచి వచ్చాక, మధ్యాహ్నం రమ్మని ఫోను చేశాడు. సంబరంగా వెళ్లాను. మాల్ట్ నీళ్లు మరగడం మొదలవగానే ఫగుల్స్ వేశాడు. వెంటనే, నేను వద్దనేలోపే, గోల్డింగ్స్ కూడా మొత్తం గుమ్మరించేశాడు. చివర్లో వెయ్యడానికి ఏమీ మిగుల్చుకోలేదు. గంటసేపు మరిగింది. షెడ్డంతా ఘుమఘుమలాడి, ఆ వాసన కిటికీలోంచి వానలోకి పోయింది. కొన్ని వారాలకి సీసా తెరిచి చెరో గ్లాసు పోశాడు. నోరు ముడుచుకుపోయే చేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాత్రం మంచినీళ్ల గ్లాసే. పాపం పద్ధతి మర్చిపోయాడనుకుని, చివర్లో వెయ్యాల్సిన పూలు కూడా ముందే వేసేశావన్నయ్యా అన్నాను.

'మర్చిపోలేదు తమ్ముడూ,' అన్నాడు. 'నాకు తెలిసేది ఆ చేదొక్కటే. నువ్వేదో తాగుతున్నావు, నేనింకేదో తాగుతున్నాను ఇన్నాళ్లూ. ఒక్కసారన్నా ఇద్దరం ఒకటే తాగుదామని.'

గ్లాసు ఖాళీ చేశాను. అంతకంటే చెయ్యగలిగింది నాకేమీ కనపడలేదు. ఆయన నా గ్లాసు మళ్లీ నింపి, చేదు ఎలా ఉందని కూడా అడక్కుండా, కిటికీలోంచి వాన చూస్తూ కూర్చున్నాడు. ఆయన్ని అంత ఒంటరిగా నేనెప్పుడూ చూడలేదు, పక్కనే ఉండి కూడా.

అదే ఆయన కాసిన ఆఖరి బీరు. ఆ తపేలాలో ఇప్పుడు వదిన చర్చి విందులకి బిర్యానీ వండుతోంది. ముక్కు రాలేదు, ఇక రాదు. నాకేమో ఈమధ్య, ఎందుకో, మాటలు దొరుకుతున్నాయి. గోల్డింగ్స్ అంటే వాన వెలిశాక గడ్డివాము పక్కన నిలబడి నిమ్మతొక్క ఒలిచినట్టుంటుందనీ, ఫగుల్స్ అంటే రంపపు పొట్టులో పుదీనా నలిపినట్టుంటుందనీ ఇప్పుడైతే చెప్పగలను. ఆయన అడగడం మానేసి ఏళ్లయింది.