విశ్వేశ్వరరావు అంకుల్ తనిఖీ

గత మంగళవారం ఆంటీ ఫోన్ చేశారు. "అంకుల్ వెళ్లిపోయారమ్మా. పొద్దున కాఫీ తాగి, కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే..." అన్నారు. "డాక్టర్ చూశారా ఆంటీ? ఖాయంగా చెప్పారా?" అని అడిగాను. అడిగిన మరుక్షణమే సిగ్గుతో చితికిపోయాను. పితృతుల్యులైన విశ్వేశ్వరరావు గారి నిర్యాణ వార్తను సైతం అనుమానంతోనే అందుకున్నాను. అయితే ఆయన ఉంటే నన్ను తప్పుపట్టేవారు కాదు. ఎంతటి వార్తనైనా రెండో సాక్ష్యం లేనిదే నమ్మని మనిషి ఆయన.

జీవితమంతా విమానాల విడిభాగాల కర్మాగారంలో నాణ్యత తనిఖీ చేశారు. ఆ వృత్తిధర్మం ఇంట్లోకీ వచ్చింది. హోటల్ నుంచి తెచ్చిన టేకవే పొట్లం విప్పగానే బిల్లు చీటీతో సరిచూసేవారు. జీపీ డాక్టర్ రాసిన మందు గురించి ఫార్మసీలో మళ్లీ అడిగేవారు. "నమ్మకం మంచిదేనమ్మాయ్. కాకపోతే తనిఖీ అయ్యాక రావాలి" అనేది ఆయన నిత్యవాక్యం.

తెనాలిలో మా నాన్నా ఆయనా కలిసి చదువుకున్నారు. ఆయన మీద నా అనుమానానికి మూలం ఆ స్నేహమే. నేను ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి, లండన్‌లో ఒక సంగీత కళాశాలలో మాస్టర్స్‌లో చేరాను. అక్కడ మాదొక ఇత్తడి వాద్యాల బృందం: రెండు ట్రంపెట్లు, ఒక హార్న్, ఒక ట్రోంబోన్, ఒక ట్యూబా. ఐదుగురమే, ముందు నిలబడి చెయ్యి ఊపే కండక్టర్ ఉండడు. అందులో నాది రెండో ట్రంపెట్. ఈ సంగతి నాన్నకు చెప్పలేదు. బడి బ్యాండులో ఊదిన రోజుల్లోనే "పెళ్లి ఊరేగింపుల్లో బతుకుతావా?" అన్న మనిషి ఆయన. కంపెనీ మారానని అబద్ధమాడి, లండన్‌కు నేరుగా రైలుందని స్టీవెనేజ్ అనే ఊళ్లో గది తీసుకున్నాను. "మన విశ్వం అక్కడే ఉన్నాడు, ఓ కంట కనిపెడుతుంటాడు" అని నాన్న సంబరపడ్డారు. నా గుట్టు నాన్నకు చేరే దారి నేనే వేసుకున్నట్టయింది.

మొదటి ఆదివారం అంకుల్ భోజనానికి పిలిచారు. పప్పు వడ్డిస్తూ నా ముఖంలోకి చూశారు.

"పెదవి మీద ఆ గుండ్రటి గుర్తేంటమ్మాయ్?"

"ఎలర్జీ అంకుల్. జీపీ అపాయింట్‌మెంట్ దొరకలేదు."

"ఎలర్జీ ఇంత కొలత పెట్టినట్టు రాదే."

అది ట్రంపెట్ మౌత్‌పీస్ ఒత్తిన గుర్తు. నాలుగు ప్రశ్నల్లో నా గుట్టంతా రట్టయింది. నాన్నకు చెప్పొద్దని బతిమాలాను. ఆయన అవుననలేదు, కాదనలేదు. "పెరుగేసుకో" అన్నారు.

ఆనాటి నుంచి నాకు మనశ్శాంతి లేదు. నా గదిలో ఊదితే పక్కవాళ్లు ఊరి కౌన్సిల్‌కు ఫిర్యాదు చేస్తామన్నారు. అంకుల్ తన గ్యారేజీలోంచి కారు తీసేసి నాకు ఇచ్చారు. ఔదార్యమని మురిసిపోయేంత అమాయకురాలిని కాను. కళ్లెదుట పెట్టుకుంటే కాపలా సులువని అర్థం చేసుకున్నాను. ప్రతి ఆదివారం నేను సాధన చేస్తుంటే తలుపు బయట మడత కుర్చీ వేసుకుని కూర్చునేవారు. చేతిలో ఫోను. నేను బయటికి వస్తే గొంతు తగ్గించేవారు.

"ఎవరంకుల్?"

"కౌన్సిల్ వాళ్లమ్మా. చెత్త బిన్ల గురించి."

ఆదివారం పూట ఏ కౌన్సిల్ ఫోన్ చేస్తుంది?

ఒక శనివారం మా ఐదుగురం అక్కడే రిహార్సల్ చేశాం. ఆయనకు స్వరజ్ఞానం లేశమైనా లేదు. అయినా నోట్‌బుక్ పట్టుకుని మూల కూర్చున్నారు. అందరూ వెళ్లాక నన్ను ఆపారు. "ఆ పొడుగాటి అమ్మాయి ఊపిరి తీస్తే, అందరూ ఆమెతోపాటే తీసి మొదలెడుతున్నారు. నువ్వు మాత్రం వాళ్లు తీశారో లేదో చూసి తీస్తున్నావు. అందుకే వెనకబడుతున్నావు. తనిఖీ నా ఉద్యోగమమ్మాయ్, నీది కాదు." ఆ పొడుగాటి అమ్మాయిదే మొదటి ట్రంపెట్, ఆమె శ్వాసే మాకు సంకేతం. ఆలస్యమవుతున్నానని మా ప్రొఫెసర్ ఒక టర్మంతా చెప్పారు, ఎందుకవుతున్నానో చెప్పలేకపోయారు. మరుసటి వారం కళ్లు మూసుకుని అందరితోపాటు ఊపిరి తీశాను. సరిగ్గా పడింది. ఆ విధంగా ఆయన నాకు గురువయ్యారు. అనుమానం మాత్రం పోలేదు.

చివరి పరీక్ష కచేరీ దగ్గరపడింది. ఎప్పుడని అంకుల్ అడిగారు. ఆయన రికార్డు చేసి నాన్నకు పంపుతారని భయం. "వచ్చే నెల అంకుల్, ఇంకా ఖరారు కాలేదు" అన్నాను. నిజానికి అది ఆ గురువారమే. అన్నీ సరిచూసే మనిషి ఆ ఒక్కదాన్ని సరిచూసినట్టు కనిపించలేదు. "మంచిదమ్మా, బాగా ఊదు" అన్నారు. దాన్నీ అనుమానించాను.

అంకుల్ పోయిన మంగళవారం ఆ వార్త చెప్పడానికి నాన్నకు ఫోన్ చేశాను. ఆయన అప్పటికే ఏడుస్తున్నారు.

"వాడు నాకు మొదటి ఆదివారమే చెప్పేశాడమ్మా, నువ్వేం చదువుతున్నావో. నేను మండిపడ్డాను. 'నువ్విప్పుడు అరిస్తే అది ఊదడమూ మానేస్తుంది, నీతో మాట్లాడడమూ మానేస్తుంది. తనంతట తనే చెప్పేదాకా నీకు తెలియనట్టే ఉండు' అన్నాడు. ప్రతి ఆదివారం ఫోన్ చేసి గ్యారేజీ తలుపు దగ్గర పట్టుకునేవాడు. నువ్వు ఊదేది విన్నాన్రా. మీ అమ్మా నేనూ ఇద్దరం వినేవాళ్లం."

నాన్న ఇంకా చెప్పారు. "నీ కచేరీ నాడూ ఫోన్ చేశాడు. 'ఇవాళేరా, కాలేజీ వెబ్‌సైట్‌లో చూశాను. పిల్ల వేరే తేదీ చెప్పింది. రావద్దనేగా? పిలవని చోటికి వెళితే తనిఖీకొచ్చానని బెదురుతుంది' అని ఇంట్లోనే ఉండిపోయాడు."

నా అనుమానం అక్షరాలా నిజం. ఆయన చెప్పారు, ఫోన్లు చేశారు, తేదీ పట్టుకున్నారు. ప్రతి సాక్ష్యమూ సరైనదే, నేనిచ్చిన తీర్పే తప్పు. ఇంతటి వాత్సల్యాన్ని నిఘా అనుకున్న నా బుద్ధిని నేను క్షమించుకోలేను. గ్యారేజీ బయటి ఆ మడత కుర్చీలో ఇక వేరెవరు కూర్చున్నా ఆయన లోటు తీరేది కాదు. ఆ మహనీయునికి అశ్రునివాళి అర్పిస్తూ, ఆయనకు చెప్పలేకపోయిన ఒక్క మాట ఇక్కడ ఒప్పుకుంటున్నాను. కచేరీ రోజున ముందు వరుసలో నా అతిథులకు రెండు కుర్చీలు ఉంచారు. ఎవరైనా వస్తున్నారా అని ద్వారం దగ్గరి ఆవిడ అడిగారు. ఈ దేశంలో నాకంటూ ఎవరూ లేరని చెప్పాను.