తడి చెయ్యి, పొడి చెయ్యి

చిన్నప్పటి నుంచీ నాకు అరచేతులకు చెమట. పిడికిలి బిగిస్తే బొట్లు రాలేవి. స్టీల్ ప్లాంటు కడుతున్న రోజుల్లో అక్కడ ఖలాసీగా చేశాను. తాళ్లతో, గొలుసులతో బరువులు పైకెత్తించే పని. ఒక మధ్యాహ్నం తాడు చేతిలోంచి జారి ఇనప పైపు కింద పడింది. ఎవరికీ తగల్లేదు. మేస్త్రీ నా అరచెయ్యి తిరగేసి చూశాడు.

"ఈ సేతుల్తో తాడు ముట్టకు. బాగు సేయించుకునొస్తే పని, నేకపోతే నేదు."

పట్నంలో పెద్దాసుపత్రికి వెళ్లాను. డాక్టరు చాలా చెప్పాడు గానీ నా బుర్రలో నిలిచింది ఒక్కటే: మెడ దగ్గర కోసి నరం కత్తిరిస్తారట. ముందు కుడి చేతికి, కొన్నాళ్లకు ఎడమకు.

నరం అంటే మా లెక్కలో చెయ్యి ఆడించేదే. అది తెగినవాడి చెయ్యి వేలాడిపోవడం సైటులో చూసినవాణ్ణి.

"ఏటి బావా, జలుబు సేత్తే ముక్కు తీయించేసుకుంతావేటి?" అని నవ్వాడు మా బావమరిది.

మా ఆవిడ నవ్వలేదు. "సెయ్యి పడిపోతే నీకు నానే అన్నం కలిపి పెట్టాల" అంది.

ఆపరేషన్ రోజు నర్సమ్మ కాగితం తెచ్చింది. అప్పట్లో నాకు అక్షరం రాదు.

"ఏటి రాసుందమ్మా?"

"ఒప్పుకుంటున్నానని."

"ఏటికి? సెయ్యి పోయినా పర్లేదనా?"

ఆమె విసుక్కుని నా బొటనవేలికి సిరా అద్ది నొక్కింది. చెమటకు సిరా చెదిరి మచ్చ పడింది గానీ గీతలు రాలేదు. రెండోసారీ అంతే.

"ఏలిముద్రే పడనేదు. వద్దు, ఇంటికెళ్లిపోదాం" అంది మా ఆవిడ. అంటూనే వేలు కొంగుతో తుడిచి ఊదింది. మూడోసారి పడింది. ఆ కాగితంలో చెయ్యి అన్న మాట ఎక్కడుందోనని వెతికాను. అక్షరం రానివాడికి ఏం దొరుకుతుంది?

మెలకువ రాగానే వేళ్లు ముడిచాను. ముడుచుకున్నాయి. నర్సమ్మ తిడుతున్నా మళ్లీ ముడిచాను. అరచెయ్యి పొడిగా, ఎవరిదో చెయ్యిలా ఉంది.

వారం తిరక్కుండా వీపూ పొట్టా చెమటకు తడవడం మొదలైంది. కొందరికి అలా అవుతుందన్నాడు డాక్టరు. ఎడమకు ఎప్పుడొస్తావన్నాడు. ఇంకో కాగితం మీద వేలు పెట్టే ధైర్యం నాకు లేదు. పోలేదు.

మేస్త్రీ ముందు రెండు చేతులూ చాచాను. కుడిది తడిమి తలూపాడు. ఎడమది తడిమి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"సగం ఖలాసీవిరా నువ్వు!"

తాడు ఇవ్వలేదు. క్రేను నడిపేవాడికి కింద నుంచి సైగలు చేసే పనిలో పెట్టాడు. దానికి పొడి చెయ్యి అక్కర్లేదు. ముందే అడిగుంటే ఇచ్చేవాడేమో. అడగలేదు.

ఆ కాగితంలో ఏం రాసుందో అన్న గుబులు మాత్రం పోలేదు. అందుకే కూర్మన్నపాలెంలో పెద్దవాళ్లకు చదువు చెబుతుంటే వెళ్లి పలక పట్టాను.

ఇది కుడి చేత్తో రాస్తున్నాను. కాగితం అదిమిపట్టే ఎడమ చేతి కింద తువ్వాలు ముక్క ఉంది. కలం తీసే ముందు కుడి వేళ్లు ఒకసారి ముడిచి చూసుకుంటాను, ఇప్పటికీ.