తెలియని అట్రిబ్యూట్‌ను పారేయను

తిరువళ్ళూరులో మా ఆఫీసు చిన్నది. అక్కడ మేం తయారు చేసే పార్సర్, ఎవరో రాసిన ప్రోగ్రామును చదివి, ముక్కలుగా విడదీసి, చక్కగా సర్ది మళ్ళీ రాసిస్తుంది. రాసినవాళ్ళు ఒక్కో ఫంక్షన్ నెత్తిన ఒక గుర్తు పెడతారు, 'దీన్నిక వాడొద్దు', 'పరీక్షలప్పుడే నడపండి' అని. అవే అట్రిబ్యూట్లు. మా పార్సర్‌కు తెలిసినవి కొన్నే. తెలియనిది కనిపిస్తే చప్పుడు కాకుండా పారేసేది.

నాకు ఒళ్ళు మండింది. అర్థాలతో మనకేం పని? బ్రాకెట్, పేరు, కామా, అంకె, ఏది ఎలా ఉంటే అలాగే టోకెన్లుగా, అంటే విడి ముక్కలుగా దాచుకుని, మళ్ళీ ఉన్నచోటే పెట్టేస్తే సరి. అలాగే మార్చి రాశాను. మా టీమ్ లీడ్ ఒప్పుకోలేదు. ఆయనా మా వైపువాడే, ఇంట్లో తెలుగే.

"తెలీని చెత్తంతా మనమెందుకమ్మా మోసేది?" అన్నాడు.

"అది చెత్తని మీకెవురు చెప్పినారు సార్? రాసినోళ్ళకి దాంతో పనుంది."

తిరుత్తణిలో మాది నేత కుటుంబం. మాకూ ఇంటిపేరుంది. బడిలో ఎవరూ రాసుకోలేదు. ఈ తమిళ రాష్ట్రంలో నాన్న పేరులోని మొదటి అక్షరం చాలు. కానీ సంబంధం చూసే రోజున మావాళ్ళు ముందు అడిగేది ఇంటిపేరే. రెండు వైపులా అదే ఉంటే పెళ్ళి మాటే ఎత్తరు. బడికి అక్కర్లేనిది మాకు అంత అవసరం. అందుకే ఆ 'చెత్త' అన్న మాట నాకు సూటిగా తగిలింది.

"రాసింది వెనక్కి తీసుకో. లేదంటే సోమవారం నుంచి టెస్టింగ్‌కి పో," అన్నాడాయన. పార్సర్ నాకు ప్రాణం.

ఇంట్లో అక్క తిట్టింది. "సరేనని ఊరకుంటే ఏం పోతాదే నీకు? మొండిఘటం!"

"తీసుకోనంటే తీసుకోను, పోవే!" అన్నాను.

సోమవారం టెస్టింగ్ బల్ల దగ్గర కూర్చున్నాను. మొదటి పరీక్ష నేనే రాశాను: ఎవరికీ తెలియని అట్రిబ్యూట్ ఒకటి ఫంక్షన్ మీద పెట్టి పార్సర్‌కు ఇవ్వాలి, అది చెక్కుచెదరకుండా తిరిగి రావాలి. రాలేదు. తెర మీద ఎర్రగా పడింది. అన్ని పరీక్షలూ నెగ్గితేగానీ మా ఆఫీసులో కొత్త వెర్షన్ బయటికి పోదు.

సాయంత్రానికి ఆయనే నా బల్ల దగ్గరికి వచ్చాడు. "ఆ టెస్టు తీసెయ్ అమ్మా."

"తీయను సార్," అన్నాను. "పార్సర్ మార్చుకోండి. నేను రాసింది ఆడనే ఉంది."