మగ్గమవ్వ హోటల్లో జపాన్ భోజనం

ఆ రోజుల్లో అబద్ధం చెప్పడానికి పెద్దగా కష్టపడవలసిన పని ఉండేది కాదు. హైదరాబాద్ దాకా వెళ్లొచ్చినవాడు చార్మినార్‌కు ఐదు మినార్లున్నాయన్నా, "అవునా సారూ, మేం నాలుగే అనుకుంటున్నం" అనేవాళ్లు మా వైపు జనం. అంత మంచి మనుషుల మధ్య, ఇరవై రెండేళ్ల వయసులో, కొత్త ఉద్యోగంతో, ఇస్త్రీ చొక్కాతో దిగినవాడు చెడిపోకుండా ఎలా ఉంటాడు? (ఇది సంజాయిషీ కాదు. సరే, కొంత సంజాయిషీయే.)

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నన్ను చొప్పదండికి గ్రామసేవక్‌గా వేశారు. జపాన్ పద్ధతిలో వరి నాటడం రైతులకు నేర్పాలి. అంటే నారును చేతికొచ్చినట్టు గుచ్చకుండా, తాడు పట్టి వరుసల్లో నాటించాలి. మా బాపు బడిపంతులు. మా ఇంట్లో నాటిన పంటల్లా తులసి, బంతి. అలాంటి నేను గట్టు మీద నిలబడి, బూట్లకు బురద అంటకుండా చూసుకుంటూ, పుట్టినప్పటి నుంచి బురదలోనే ఉన్నవాళ్లకు నాట్లు నేర్పేవాణ్ణి. వాళ్లు మర్యాదగా వినేవాళ్లు. విని, తమ పద్ధతిలో నాటుకునేవాళ్లు.

నాకు రెండు పూటలా భోజనం బస్సులు ఆగే చోట మగ్గమవ్వ హోటల్లో. ఆమె భర్త బతికి ఉన్నప్పుడు ఆ పాకలో మగ్గం ఉండేదట. ఆయన పోయాక మగ్గం గుంట పూడ్చి, అక్కడే పొయ్యి పెట్టింది. పేరు మాత్రం పూడలేదు. పొద్దున చాయ, సర్వపిండి, మధ్యాహ్నం అన్నం, చెరువులో వల పడిన రోజు చేపల పులుసు. ఆ పులుసు వాసనకు బస్సు దిగిన వాళ్లు కొందరు తాము వెళ్లవలసిన ఊరు మరిచిపోయేవాళ్లు.

అక్కడ రోజూ వచ్చి కూర్చునే పెద్ద రైతు ఒకాయన ఉండేవాడు. సూర్యుడు ఉదయించాడంటే బయటికెళ్లి చూసి వచ్చే రకం, అందుకే ఊరంతా అనుమానాల పటేల్ అనేది. ఓ రోజు ఆయన అడిగాడు.

"సారూ, గా జపానోళ్లు ఏం తింటరు?"

శిక్షణలో ఒక పంతులు చెబుతుండగా వెనక బెంచీలో సగం నిద్రలో విన్న ముక్క గుర్తొచ్చింది. "పుల్లటి అన్నం ముద్ద చేసి, దాని మీద పచ్చి చేప ముక్క పెట్టుకొని తింటరు" అన్నాను.

"పచ్చిదా? నువ్వు చూసినవా?"

అక్కడ ఆగిపోతే ఈ కథ లేదు. "చూసుడేంది, తిన్న. నోట్లేస్తే వెన్న లెక్క కరుగుతది" అన్నాను. హోటలంతా నా వైపు తిరిగింది. మగ్గమవ్వ గరిటె పొయ్యి మీద ఆగింది. అంతటి గౌరవం నాకు వరి నాట్ల వల్ల ఎన్నడూ దక్కలేదు. ఇంకేం, వారం వారం ఆ విందు పెరిగింది. ఒక వారం జపాన్ అధికారి స్వయంగా నా నోట్లో పెట్టాడు. మరో వారం, నేను తిన్న తీరు చూసి మెచ్చుకున్నాడు.

ఆ వానాకాలం నాట్లప్పుడు మా బ్లాకు అధికారి బి.డి.ఓ. గారు జీపులో వచ్చారు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. "ఏమయ్యా, జపాన్ నుంచి వరి నిపుణుడొకాయన వస్తున్నాడు. ఎల్లుండి మధ్యాహ్నం మీ ఊళ్లోనే భోజనం. వాళ్ల తిండి నీకు బాగా అలవాటని ఊరంతా చెబుతోంది! ఏర్పాట్లు నువ్వే చూడు. నీ ఉద్యోగం ఖాయం చేసే కాగితం నా బల్ల మీదే ఉంది సుమా" అన్నారు.

అనుమానాల పటేల్ మరో మెలిక పెట్టాడు. "సారూ, గా తిండి సంగతి నిజమైతే నాటు సంగతి గూడ నిజమే అనుకుంట. నా మడి నాటనీకి నీకిస్త. అబద్ధమైతే నీ తాడు చుట్టుకొని పో."

మగ్గమవ్వ దగ్గరికి పరుగెత్తాను. ఆమె మొత్తం విని నడుం మీద చేతులు పెట్టుకుంది.

"పచ్చి చేపనా? ఇంటికచ్చిన మనిషికి పచ్చి చేప పెడ్తర్రా ఎవలన్న? గా మనిషికి అవ్వ లేదా, ఆలి లేదా, జర ఉడకబెట్టి పెట్టనీకి?"

"వాళ్ల రివాజే గంత, అవ్వా. నా నౌకరి పోతది."

నౌకరి అనేసరికి మెత్తబడింది. పుల్లటి అన్నం అంటే ఇద్దరికీ తెలిసింది పులిహోర ఒక్కటే కనుక, పసుపు వెయ్యని పులిహోర ముద్దలు కట్టాలని తేల్చాం. వాళ్లు పుల్లలతో తింటారని గుర్తొచ్చి వేప పుల్లలు చెక్కి తెచ్చాను. "ఇవెందుకు, పండ్లు తోముకోనీకా?" అంది అవ్వ.

చెప్పిన రోజు మధ్యాహ్నం ఊరంతా హోటల్ ముందుంది. అతిథి సన్నగా, కళ్లద్దాలతో, మా బడిపంతులు బాపులాగే ఉన్నాడు. మోదుగాకు విస్తట్లో ఆరు తెల్లటి ముద్దలు, వాటి మీద పొద్దున్నే చెరువులో పట్టిన కొర్రమట్ట చేప ముక్కలు. ఆయన విస్తరి వైపు చాలాసేపు చూశాడు. వేప పుల్ల ఎత్తి వాసన చూసి, జాగ్రత్తగా కింద పెట్టాడు. తర్వాత నా వైపు తిరిగి, వంగి, చేయి చూపించాడు.

"ముందు నిన్ను తినమంటున్నారయ్యా" అన్నారు బి.డి.ఓ. గారు.

"తిను సారూ, వెన్న లెక్క కరుగుతది గద" అన్నాడు పటేల్, నా నోటికి రెండడుగుల దూరం వచ్చి నిలబడి.

తిన్నాను. వెన్న కాదు, నానబెట్టిన చెప్పు. పైగా జారుతుంది. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే నవ్వాను. నవ్వాను కనుక బాగుందనుకుని బి.డి.ఓ. గారు రెండో ముద్ద కూడా నాకే అందించారు. అది గొంతు దాటుతుండగా అతిథి తన యాస ఇంగ్లీషులో ఏదో అడిగాడు.

"సముద్రం చేపేనా అంటున్నారు" అన్నారు బి.డి.ఓ. గారు.

"కాదు సార్, మన చెర్వుదే. పొద్దుగాలనే పట్టిండ్రు" అన్నాను, కాస్త గర్వంగానే.

అతిథి ముఖం పాలిపోయింది. గబగబా చెప్పాడు. బి.డి.ఓ. గారు నా వైపు జాలిగా చూశారు. "చెరువు చేపను వాళ్లు పచ్చిగా ముట్టరటయ్యా. కడుపులో పురుగులు పడతాయట."

ఊరంతా నా కడుపు వైపు చూసింది. సరిగ్గా అప్పుడు మగ్గమవ్వ నన్ను పక్కకు తోసి, కుండ తెచ్చి పెట్టింది. నాకు చెప్పకుండా మిగతా చేపనంతా పులుసు పెట్టింది! వేడన్నం మీద పులుసు పోసి, "తిను బిడ్డా, ఎంత దూరం నుంచి వచ్చినవో" అంది. ఆయనకు తెలుగు రాదు. అయినా అర్థమైంది. చేత్తోనే తిన్నాడు. మూడుసార్లు పెట్టించుకున్నాడు. కారానికి ముక్కులోంచి నీళ్లు కారుతున్నా ఆపలేదు. లేచి అవ్వకు నడుం దాకా వంగి దండం పెడితే, ఆమె సిగ్గుపడి కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

భోజనమయ్యాక ఆయన ఉపన్యాసమివ్వలేదు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, అడగకుండానే పటేల్ మడిలో దిగాడు. తాడు ఒక కొస తాను పట్టుకుని రెండో కొస నా వైపు విసిరాడు. గట్టు మీది నుంచే పట్టుకోబోతే, "దిగు సారూ!" అని నలుగురైదుగురు కేకేశారు. బూట్లు విప్పి దిగాను. మొదటిసారి నా చేత్తో నారు నాటాను. నా వరుస వంకర పోయింది. ఆయన వెనక్కి వచ్చి, ఒక్కో మొక్కా పీకి సరిగా గుచ్చాడు. అది చూసి పటేల్ ధోతి ఎగ్గట్టాడు. "గీయన పనిమంతుడు. గీయన మాట వింట" అన్నాడు. (గీయన అంటే నేను కాదు.)

ఆ పచ్చి చేప దెబ్బకు మూడు రోజులు మంచం దిగలేదు. అవ్వ వాము కషాయం తాగించింది. నాలుగో రోజు హోటల్లో అందరి ముందూ నిలబడి, "నేనెన్నడూ గా తిండి తినలే. అబద్ధం చెప్పిన" అన్నాను. ఎవరూ ఆశ్చర్యపోలేదు.

"మాకు మొదటి దినమే ఎరుక" అంది మగ్గమవ్వ, చాయ వడపోస్తూ.

"మరి ఎందుకు చెప్పలే, అవ్వా?"

"నువ్వు చెప్తుంటే మంచిగుండె. అబద్ధమంటే ఆపుతవని భయమైంది."

పటేల్ కూడా తలూపాడు. ఆయన ఏ అనుమానమూ లేకుండా తలూపడం నేను చూడటం అదే మొదటిసారి.

అతిథి సంతోషంగా వెళ్లాడు కనుక నా ఉద్యోగం ఖాయమైంది. తర్వాత బోథ్, హుజూరాబాద్, ఎన్నో ఊళ్లు తిరిగాను. ఎక్కడా తెలియంది తెలుసునని చెప్పలేదు, ముందు బూట్లు విప్పాకే నోరు విప్పాను. మంచి ఉద్యోగి అనిపించుకున్నాను. కానీ ఎనభై దాటిన ఈ వయసులో, ఆ ఇస్త్రీ చొక్కా కుర్రవాణ్ణి తలచుకుంటే కోపం రాదు, కొంచెం అసూయే కలుగుతుంది. చాయ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఊరంతా అతని చుట్టూ కూర్చుని వినేది. నేను నిజాలు చెప్పడం మొదలుపెట్టాక, ఏ ఊళ్లోనూ నా చుట్టూ అంతమంది చేరలేదు.