కొత్త వేలికి గోరింటాకు

మా డాక్టరమ్మగారు పోయారని గుడివాడ నుంచి ఫోను వచ్చింది. ఆషాఢం ఇంకా వెళ్ళలేదు. ఫోను పెట్టేశాక నా కుడిచేతి బొటనవేలిని ఎడమచేత్తో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఆ వేలు ఆవిడ పెట్టిందే.

బందరులో రోల్డుగోల్డు పని చేసే ఇళ్ళలో మాదీ ఒకటి. దుద్దుల్లో, గాజుల్లో రాళ్ళు పొదగడం నా పని. ఒకరోజు రేకు కొట్టే ప్రెస్సు కింద బొటనవేలు నలిగిపోయింది. బొటనవేలు లేకపోతే రాయి నిలవదు, అన్నం ముద్ద కూడా నిలవదు. మీలో ఎవరికైనా అనుమానముంటే ఒక్కపూట దాన్ని మడిచిపెట్టి భోంచేసి చూడండి.

గుడివాడలో చిన్న ఆసుపత్రి నడిపే డాక్టరమ్మగారు నా కాలి రెండో వేలు తీసి చేతికి అతికిస్తానన్నారు. మా మేనత్త గొల్లుమంది. “రేపు పెళ్ళిలో మెట్టె ఎక్కడ పెడతారండీ?”

“రెండో కాలుందిగా పిన్నిగారూ! ఒక్క మెట్టెకి మొగుడు సగమే వస్తాడా ఏంటి?” అన్నారావిడ. ఏడుస్తున్న మా అమ్మ కూడా నవ్వేసింది.

ఆవిడ దివిసీమలో, కాలవ చిట్టచివర పొలాలున్న రైతు కూతురు. ఏం చెప్పినా నీళ్ళతోనే ముడిపెట్టేవారు. “కాలవ లాకు దగ్గర నీళ్ళు నిండా ఉన్నాయంటే నమ్మకు. శివారు మడి తడిస్తేనే కాలవ వచ్చినట్టు. వేలి కొసే మనకి శివారు” అనేవారు. రోగిని ముట్టుకునేముందు రెండు చేతులూ రుద్దుకుని వెచ్చచేసుకోవడం ఆవిడ అలవాటు.

ఆవిడ దగ్గరొక కెమెరా ఉండేది. ఫిజిక్సు లెక్చరరైన తమ్ముడితో కలిసి అమర్చుకున్నారు. సన్నని ఎర్ర లేజరు కాంతి చర్మం మీద పడితే, కింద రక్తం కదిలే చోటు కంప్యూటరు తెర మీద ఎర్రగా, కదలని చోటు నీలంగా కనబడేది. నా ఆపరేషనులో సన్నని రక్తనాళాలు కలిపి కుట్టాక, వేలి కొస ఎర్రబడటం తెర మీద చూశాకే గ్లౌజులు తీశారట. వార్డులో తెరను రోగివైపు తిప్పేవారు. “నీ రక్తం, నువ్వు చూసుకోవద్దూ?”

నేను చూసేదాన్ని కాదు. నా దృష్టిలో అది కాలివేలే. సిస్టరు వచ్చి దాన్ని నొక్కి వదిలి, పాలిపోయిన చోటికి రంగు తిరిగొస్తోందో లేదో చూస్తుంటే నేను గోడవైపు తిరిగేదాన్ని.

నా వరస అమ్మ కనిపెట్టింది. అప్పుడూ ఆషాఢమే. ఒక మధ్యాహ్నం నేను నిద్రపోతుండగా, టిఫిను బాక్సులో తెచ్చిన గోరింటాకు నా వేళ్ళన్నిటికీ పెట్టింది. కట్టులోంచి బయటికి కనబడే కొత్త వేలికీ పెట్టి, ముద్ద జారకుండా గుడ్డపీలిక చుట్టి ముడేసింది.

సిస్టరు చూసి పీలిక విప్పి తుడిచేసరికి వేలు పండిపోయింది. ఇక నొక్కితే ఏం తెలుస్తుంది? గోరూ కొసా అంతా ఒకటే ఎరుపు.

“ఎంత పని చేశావమ్మా!” అంది సిస్టరు.

“తొమ్మిదింటికీ పెట్టి దీనికి మానేస్తే చిన్నబోదా అండీ...” అంది అమ్మ.

డాక్టరమ్మగారు కేకలెయ్యలేదు. కెమెరా తోయించుకుని వచ్చారు. తెర మీద వేలి మొదలు మాత్రమే ఎర్రగా ఉంది. నడుమ నుంచి కొస దాకా నీలం. “వేలి మీది రంగు చూడకండి. లోపల రక్తం కదులుతోందా లేదా, అది చూడండి” అన్నారు సిస్టరుతో. పీలిక బిగుతుకి వేలు ఉబ్బి కుట్లు పట్టేశాయట. రెండు కుట్లు తెంపి, వెచ్చదనానికి దీపం దగ్గర పెట్టించి, నా పక్కనే కూర్చున్నారు.

అంతవరకూ వద్దనుకున్న వేలు, పోతుందేమో అనగానే నాదైపోయింది. మొదటిసారి తెరవైపు తిరిగాను. ఎరుపు కొంచెం కొంచెంగా పైకి పాకుతోంది.

“వస్తోంది, వస్తోంది... ఆఁ, శివారుకి ఎక్కింది!” చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారావిడ.

అమ్మ కాళ్ళమీద పడబోతే ఆపేశారు. “తప్పే చేశావు, మళ్ళీ చెయ్యకు. కానీ ఇది నీ కూతురి వేలేనని అందరికంటే ముందు ఒప్పుకున్నది నువ్వేనమ్మా.”

ఆ వేలితోనే మళ్ళీ రాళ్ళు పొదిగాను, ముద్ద కలిపాను, ఇది రాస్తున్నాను. ఆవిడ రుణం తీరేది కాదు. అమ్మ ఏటా ఆషాఢంలో గోరింటాకు రుబ్బి ఆవిడకి పట్టుకెళ్ళేది. “ఆపరేషన్లు చేసే చేతులకి ఇదెందుకమ్మా” అని నవ్వి పంపేసేవారు.

గుండె జబ్బుతో ఈ ఏడు ఆపరేషన్లు మానేశారు. పోయినవారం నేను వెళ్తే తనే చేతులు చాపారు. “ఇంక పెట్టవే. ఆ వేలితోనే పెట్టాలి సుమా.” నా కొత్త బొటనవేలితో ముద్ద తీసి ఆవిడ పది వేళ్ళకీ పెట్టాను. పండిన చేతుల్ని తిప్పి తిప్పి చూసుకుని మురిసిపోయారు.

ఫోను వచ్చిన రోజు గుడివాడ వెళ్ళేసరికి ఆవిడని హాల్లో పడుకోబెట్టి ఉంచారు. పక్కన కూర్చుని, ముందు నా చేతులు రుద్దుకుని వెచ్చచేసుకున్నాను. ఆవిడ బొటనవేలు నొక్కి వదిలాను. గోరింటాకు నిండుగా, ఎర్రగా అలాగే ఉంది. రంగు చూడకండి అన్నది ఆవిడే. అయినా చాలాసేపు ఆ రంగే చూస్తూ కూర్చున్నాను.