కెంజీ అంకుల్ అడిగిన యోదో నీళ్లు

దయ్యాలంటే నాకు భయం లేదు, ఎందుకంటే అసలు నమ్మకమే లేదు. సిడ్నీలో ఒక వృద్ధుల హోంలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. ఖాళీ గదిలో బజర్ మోగితే ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేస్తాను తప్ప ఆంజనేయ దండకం చదవను. కాబట్టి ఇది చదివి నన్ను పిరికిదాన్ని అనుకోకండి.

కెంజీ అంకుల్ మా హోంలో పదకొండో గదిలో ఉండేవారు. ఆయనది జపాన్‌లోని ఒసాకా. ఆ మహానగరం గుండా పారే యోదో నది సముద్రంలో కలిసే చోట వాళ్ల ఇల్లు ఉండేదట. తండ్రీ కొడుకులు పొడుగు కర్రకు కట్టిన ఇనుప బుట్టతో నది అడుగున గుల్లలు తీసి అమ్ముకునేవారు. దిగే ముందు నీళ్లలో వేలు ముంచి నాలుకకు రాసుకునేవారట. ఉప్పదనాన్ని బట్టి పోటు ఎంత ఎక్కిందో తెలిసిపోయేదట. ఆయన ఇదంతా చెబుతుంటే నేను మందులిచ్చే హడావుడిలో సగమే విన్నాను.

కిందటి చలికాలం ఆయన మంచం పట్టారు. తిండి మానేశారు. రోజూ ఒకటే మాట, యోదోలో ఒక్కసారి చెయ్యి పెట్టాలని. కూతురు నవోమి ఇక్కడే పుట్టి పెరిగింది. ఆ నీళ్లు పంపడానికి అక్కడ తెలిసినవాళ్లెవరూ మిగల్లేదని కారిడార్‌లో నన్ను పట్టుకుని ఏడ్చేసింది.

సిడ్నీ శివార్లలోని గిరావీన్‌లో మా ఇంట్లో, దేవుడి గూట్లో, అత్తయ్య రాజమండ్రి నుంచి తెచ్చిన గోదావరి నీళ్ల చెంబు ఉంది. ఆఖరి ఘడియల్లో గొంతులో పోయడానికని సీలు వేయించి మరీ తెచ్చారు. ఏ నదైతేనేం, తల్లే కదా అనుకుని మర్నాడు ఉదయం సీలు తీశాను.

"ఆయన్ది జపాను, నీది రాజమండ్రి. పాపం, పెద్దాయన్ని మోసం చేస్తావటే?" అన్నారు మావారు.

నాకు ఒళ్లు మండింది. కొత్త సీసాలో కొన్ని నీళ్లు పోసుకున్నాను. అవే నీళ్లు ఇద్దరం తీర్థంలా పుచ్చుకున్నాం. తియ్యగా ఉన్నాయి. ఈ సంగతి మాత్రం ప్రమాణం చేసి చెప్పగలను.

నవోమికి ముందే నిజం చెప్పాను. ఒప్పుకుంది. మధ్యాహ్నం రెండింటికి గిన్నె కడిగి, తుడిచి, నీళ్లు పోసి, "యోదో నీళ్లు అంకుల్" అన్నాను. ఆయన చెయ్యి అందులో పెట్టి చాలాసేపు ఉంచారు. తర్వాత వేలు తీసి నాలుకకు రాసుకున్నారు.

ఆ సగం విన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. పోయే ముందు మనిషికి నా అబద్ధం రుచి చూపించానే అనుకున్నాను.

"సాల్ట్. టైడ్ వస్తోంది. ఇప్పుడు దిగకూడదు, కాసేపు ఆగాలి" అన్నారు. ఆయన ముఖం అంత తేటగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

పాపం, మతి తప్పి అంటున్నారనుకున్నాను. గిన్నె కడగబోతూ ఎందుకో వేలు ముంచి చూశాను. ఉప్పగా ఉంది. నవోమి కూడా చూసింది.

"ఓ మై గాడ్, ఇట్స్ సాల్టీ!" అని గోడకి ఆనుకుపోయింది.

చేతి చెమట అందామంటే, అది అంత ఉప్పు కాదు. గదిలో సెలైన్ లేదు. సీసా నా బ్యాగ్ దాటి ఎక్కడికీ పోలేదు. సాయంత్రం ఇంటికొచ్చి చెంబులో మిగిలినవి ఇద్దరం తాగి చూశాం. తియ్యగానే ఉన్నాయి. మావారు ఆ రోజు మళ్లీ నన్ను ఆటపట్టించలేదు.

మనసు ఊరుకోక, మర్నాడు నిజం చెప్పేద్దామని వెళ్లాను. నేను నోరు తెరిచేలోగా ఆయన నా చెయ్యి పట్టుకుని, "అంత దూరం వెళ్లి తెచ్చావు. బాగా అలిసిపోయుంటావు, కూర్చో" అన్నారు.

కూర్చున్నాను. నిజం చెప్పకుండానే లేచి వచ్చేశాను. ఆ వారంలోనే ఆయన పోయారు.

నేను వెళ్లిన దూరమల్లా ఇంటి నుంచి హోంకి పన్నెండు నిమిషాలు. ఆ నీళ్లు ఎంత దూరం నుంచి వచ్చాయో నాకు ఇప్పటికీ తెలియదు.